తొమ్మిది గడులు, ఎనిమిది బతుకమ్మలు: ఫొటోలను ఒక్కటి చేసే లెక్క

దసరా అయిపోయిన తెల్లారి, షాపు షటర్ ఎత్తి ఇంకా ఊడ్వకముందే, కాజీపేట నుంచి ఒక అమ్మాయి వచ్చింది. "అన్నా, ఈసారి మా ఇంట్ల బతుకమ్మలన్ని ఒక్క ఫొటోల పెట్టిన. పెద్దగ ప్రింట్ తీసియ్యి. నాయినమ్మకు ఇయ్యాలె, అన్ని ఆమెనే పేర్చింది" అని ఫోన్ ముందట పెట్టింది. ఏదో ఆన్‌లైన్ సైట్‌లో చేసుకున్న కొలాజ్. ఫోన్ తెర మీద ముచ్చటగా ఉంది. దాన్ని వాట్సాప్‌లో పంపించుకొని, కంప్యూటర్‌లో 12×18 అంగుళాల షీటు మీద పెట్టి చూస్తే మాత్రం నాలుగు లోపాలు బయటపడ్డాయి.

సగం బతుకమ్మలకు శిఖరం మీది పసుపు గౌరమ్మ లేదు. దగ్గరికి జరిపి చూస్తే ఏ పువ్వూ విడిగా కనిపించడం లేదు, అంతా మెత్తగా అలుక్కుపోయింది. రంగు అద్దిన గునుగుపూల గులాబీ, పక్క వరుసలోని తంగేడు పసుపులోకి కారినట్టుంది. మూడో రోజు బతుకమ్మ ఏకంగా పక్కకు పడుకుంది.

"సైట్ మంచిది గాదా అన్నా?" అని అడిగింది. సైట్ తనకు చెప్పిన పని తాను చేసింది. ఆ నాలుగు లోపాలకూ నాలుగు వేర్వేరు కారణాలున్నాయి. ఆ రోజు ఆమెకు కుర్చీ వేసి చెప్పిందే ఇక్కడ కొంచెం విడమరిచి రాస్తున్నాను. హనుమకొండలో మా షాపుకు వచ్చేవాళ్లలో సగం మంది ఇవే చిక్కుల్లో పడుతున్నారు. పోయిన మనిషి ఫొటోనో, పిల్లల మొదటి పుట్టినరోజో ఇలా పాడైతే వాళ్ల ముఖం చూడలేం.

మొదట ఒక మాట తేల్చుకోవాలి. "ఈ ఫొటోలన్నీ ఒక్కటి చెయ్యి" అన్నప్పుడు ఆ మాటలో నాలుగు పనులు కలిసిపోయి ఉంటాయి. వేర్వేరు ఫొటోలను పక్కపక్కన పెడితే అది పేర్చడం, కొలాజ్. ఒకే దృశ్యాన్ని ముక్కలుగా తీసి అంచులు కలిపితే అది కుట్టడం, పనోరమా. ఒక ఫొటోలోని మనిషిని కత్తిరించి ఇంకో ఫొటోలో నిలబెడితే అతకడం. ఒకే చోటు నుంచి వెంటవెంటనే తీసిన ఫొటోలను ఒకదాని మీద ఒకటి వేసి మేలైన ఒకే ఫొటో తీస్తే అది మేళవించడం. నాలుగింటికీ లోపలి పనితీరు వేరు. నాకు ఎక్కువగా వచ్చేది మొదటిదే, చిక్కులు ఎక్కువ ఉన్నదీ అందులోనే.

గౌరమ్మ ఎక్కడ పోయింది

ఆ సైట్ ఆమెకు మూడు వరుసల్లో మూడేసి చతురస్రాలు ఇచ్చింది. ఫోన్ నిలువుగా పట్టుకొని తీసిన ఫొటో మామూలుగా 3000 పిక్సెళ్ల వెడల్పు, 4000 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది. పిక్సెల్ అంటే ఒక రంగు చుక్క. అలాంటి ఫొటోను చతురస్రంలో పెట్టాలంటే దారులు రెండే. మొత్తం ఫొటో కనిపించేలా కుదించి పక్కల ఖాళీ వదలడం ఒకటి, గడి నిండేదాకా పెంచి మిగిలింది కోసేయడం రెండోది. దాదాపు అన్ని కొలాజ్ సైట్లూ చూడ్డానికి నిండుగా ఉంటుందని రెండోదే చేస్తాయి. 4000లో 3000 మిగిలాయంటే నాలుగో వంతు పోయింది, పైన 500 వరుసలు, కింద 500. బతుకమ్మ పొడుగు మనిషి లాంటిది, ఫొటో అంచు దాకా ఉంటుంది. పైనుంచి పోయేది ఆ శిఖరమే.

దీనికి మందు గడి ఆకారం మార్చడం. 12×18 షీటును నిలువుగా పెట్టి మూడు వరుసలు, మూడు నిలువులు గీస్తే ఒక్కో గడి 4×6 అంగుళాలు అవుతుంది. స్టూడియోల్లో అందరూ ఎరిగిన పాత సైజే. నిలువు ఫొటో అందులో ఎత్తుకు సరిగ్గా సరిపోతుంది, పక్కల మాత్రం కొంచెం కోత పడుతుంది. అక్కడ ఉండేది గోడో, గేటో. పోయినా బాధ లేదు.

కొన్ని అడ్డంగా, కొన్ని నిలువుగా తీసిన ఫొటోలుంటే గడులు వదిలేసి వరుస పద్ధతి మేలు. అన్నిటినీ ఒకే ఎత్తుకు తెచ్చి పక్కపక్కన నిలబెట్టాలి, ఏదీ కోయనక్కర్లేదు. లెక్క చిన్నదే. ప్రతి ఫొటో వెడల్పును దాని ఎత్తుతో భాగించాలి. అడ్డం 4:3 ఫొటోకు 1.33, నిలువు 3:4 ఫొటోకు 0.75, వెడల్పాటి 16:9 ఫొటోకు 1.78 వస్తాయి. మూడూ కూడితే 3.86. షీటు వెడల్పు 3600 పిక్సెళ్లయితే దాన్ని 3.86తో భాగించండి. సుమారు 932 వస్తుంది. ఆ మూడు ఫొటోలనూ 932 ఎత్తుకు తెస్తే అంచు నుంచి అంచుకు సరిగ్గా నిండుతాయి. పెళ్లి కరిజ్మా ఆల్బమ్‌లో ఫొటోలు ఒక్క సందు లేకుండా కూర్చున్నట్టు కనిపించడం వెనక ఉన్నది ఈ భాగాహారమే.

ఒక చిన్న మాట ఇక్కడే చెప్పాలి. వేర్వేరు ఫోన్లతో తీసిన ఫొటోలు పక్కపక్కన పెడితే ఒకటి పచ్చగా, ఒకటి నీలంగా గొడవపడుతుంటాయి. మన చేర్యాల నకాశీ పటాల్లో దీనికి జవాబు ఎప్పుడో ఉంది. పొడవాటి పటం మీద కథంతా అడ్డ వరుసల్లో ఘట్టాలుగా సాగుతుంది. వెనక అంతటా ఒకే ఎరుపు, ఘట్టానికీ ఘట్టానికీ మధ్య పూల అంచు. ఎన్ని బొమ్మలున్నా కన్ను వాటిని ఒకే వస్తువుగా చూస్తుంది. కొలాజ్‌లోనూ అంతే. ఫొటోల మధ్య సమానమైన సందు, ఆ సందుకు ఒకే ముదురు రంగు. ఆ రెండూ చేస్తే రంగుల గొడవ సగం సద్దుమణుగుతుంది. నేను తెల్ల సందు వేయను, అది ప్రతి ఫొటోనూ విడదీస్తుంది.

పూలు ఎందుకు అలుక్కుపోయాయి

ఇది అన్నిటికన్నా ముఖ్యమైన ముడి. దీన్ని చివరి నుంచి వెనక్కి విప్పాలి.

మంచి చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు దూరంలో ఉన్న రెండు చుక్కలను విడిగా గుర్తుపడుతుంది. చేతిలో, అడుగు దూరంలో పట్టుకొని చూసే ఫొటోకు ఈ లెక్క కడితే అంగుళానికి సుమారు 286 చుక్కలు వస్తాయి. ప్రింటింగ్ వాళ్లు అనే 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, దీనికి దగ్గరగానే ఉంది. అదే పది అడుగుల దూరం నుంచి చూసే ఫ్లెక్సీకి అంగుళానికి 29 చుక్కలు చాలు. అందుకే 10×6 అడుగుల ఫ్లెక్సీని అంగుళానికి 40 చుక్కల లెక్కన చేసినా 4800×2880 పిక్సెళ్లు సరిపోతాయి. ఫోన్‌లో తీసిన ఒక మంచి ఫొటో దాదాపు దానికి ఆనుతుంది. చౌరస్తాలో కట్టే ఫ్లెక్సీ కన్నా నాయినమ్మ చేతిలో పెట్టే షీటుకు ఎక్కువ పిక్సెళ్లు కావాలంటే ఎవరూ నమ్మరు, కానీ లెక్క అదే చెబుతుంది.

మన షీటు 12×18. 300తో హెచ్చిస్తే 3600×5400. ఒక్కో గడికి 1200×1800. అమ్మాయి ఫోన్‌లో అసలు ఫొటోలు 3000×4000 ఉన్నాయి, గడికి కావాల్సిన దానికన్నా రెట్టింపు పైనే. అంటే ఆమె దగ్గర ముడిసరుకు పుష్కలంగా ఉంది. సైట్ తిరిగి ఇచ్చిన కొలాజ్ వెడల్పు మాత్రం 1080. మూడు గడులకు పంచితే ఒక్కోదానికి 360. ఆ 360 చుక్కలను నాలుగు అంగుళాల మీద పరిస్తే అంగుళానికి 90. ఫోన్ తెర మీద అది చాలు, ఆ తెర వెడల్పే ఇంచుమించు అంత. కాగితం మీద చాలదు.

సైట్లు ఎందుకు ఇంత చిన్నగా ఇస్తాయి? కొన్ని డబ్బు కడితే పెద్దది ఇస్తామంటాయి. కానీ అసలైన కారణం ఇంకోటుంది. బ్రౌజర్ లోపలే పనిచేసే సైట్లు కాన్వాస్ అనే ఖాళీ పలక మీద ఫొటోలను గీసి, దాన్ని ఫైలుగా ఇస్తాయి. ఫైలుగా 4 ఎంబీ ఉన్న ఫొటో విప్పితే అంత ఉండదు. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు, ఒక్కోదానికి నాలుగు బైట్లు, మొత్తం 48 ఎంబీ. ఎనిమిది ఫొటోలకు 384 ఎంబీ. మామూలు ఫోన్ బ్రౌజర్‌కు ఇది మోయలేని బరువు. పేజీ తనంతట తానే మళ్లీ లోడ్ అయి, చేసిన పనంతా పోయేది ఇందుకే. పలకకూ హద్దుంటుంది. ఐఫోన్‌లోని సఫారీ చాలా ఏళ్ల పాటు ఒక కాన్వాస్‌కు 1,67,77,216 పిక్సెళ్లకు మించి ఇవ్వలేదు, అంటే 4096×4096. మన షీటుకు కావాల్సింది 1,94,40,000. అందులో పట్టనే పట్టదు. అందుకని సైట్ తయారుచేసేవాళ్లు ఏ ఫోన్‌లోనైనా పనిచేయాలని చిన్న సైజుకే కట్టేస్తారు. పెద్ద ప్రింటు కావాలంటే ఈ పని ల్యాప్‌టాప్‌లో చేయండి. ఫొటోలు ఎక్కించకముందే చివరి సైజు మీరే పిక్సెళ్లలో చెప్పగలిగే సైట్‌ను ఎంచుకోండి. అలా చెప్పే వీలు లేని సైట్ ప్రింటుకు పనికిరాదు.

గులాబీ పసుపులోకి కారడం

ఫొటోలను మనం దాచుకునే జేపెగ్ పద్ధతి 1992లో ప్రమాణంగా వచ్చింది. మన కన్ను వెలుగునీడల తేడాను పట్టినంత నిశితంగా రంగు తేడాను పట్టదు. జేపెగ్ ఆ బలహీనతను వాడుకుంటుంది. మామూలుగా వాడే అమరికలో, పక్కపక్కనున్న నాలుగు పిక్సెళ్లకు వెలుగు విడివిడిగా రాసి, రంగు మాత్రం నలుగురికీ కలిపి ఒక్కటే రాస్తుంది. తర్వాత ఫొటోను 8×8 పిక్సెళ్ల చిన్న గళ్లుగా కోసి, ఒక్కో గడిలోని సన్నని మార్పులను వదిలేస్తుంది.

ముఖం, ఆకాశం, గోడ లాంటి వాటికి ఇది బాగా పనిచేస్తుంది. బతుకమ్మకు మాత్రం కాదు. ఒక వరుస గులాబీ గునుగు, దాన్ని ఆనుకొని పసుపు తంగేడు, మళ్లీ ఎర్ర బంతి. సన్నని రేకులు, గాఢమైన రంగులు, వరుస వరుసకూ మార్పు. జేపెగ్ వదిలేసేవన్నీ ఇందులోనే ఉన్నాయి. ఒక్కసారి చేస్తే కనిపించదు, మళ్లీ మళ్లీ చేస్తే కనిపిస్తుంది.

ఎన్నిసార్లు జరిగిందో కలిసి లెక్కపెట్టాం. మూడు ఫొటోలు పరకాలలో ఉన్న వాళ్ల అక్క తీసినవి. అక్క ఫోన్ ఒకసారి కుదించింది. వాట్సాప్‌లో పంపినప్పుడు రెండోసారి. కొలాజ్ చేసిన సైట్ మూడోసారి. ఆ కొలాజ్‌ను మాకు మళ్లీ వాట్సాప్‌లో పంపినప్పుడు నాలుగోసారి. మామూలుగా పంపితే వాట్సాప్ పొడుగు వైపు 1600 పిక్సెళ్ల దగ్గరికి తెచ్చేస్తుంది. 2023లో వచ్చిన హెచ్‌డీ మీట నొక్కితే కొంత నయం. ఏమీ పోకుండా రావాలంటే మాత్రం ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాలి, ఫైలు ఉన్నదున్నట్టు వస్తుంది. షాపుకు వచ్చే ప్రతి ఒక్కరికీ నేను మొదట చెప్పేది ఇదే.

కలిపేటప్పుడు నడుమ నడుమ సేవ్ చేసుకోవాల్సి వస్తే పీఎన్‌జీగా చేయండి, అందులో ఎన్నిసార్లు సేవ్ చేసినా ఏమీ పోదు. ఫైలు పెద్దదవుతుంది, కానివ్వండి. చిట్టచివర ఒక్కసారి జేపెగ్ చేస్తే చాలు. సంతకాలు, స్క్రీన్‌షాట్లు, అక్షరాలున్న కాగితాలు కలిపేటప్పుడు కూడా పీఎన్‌జీయే మేలు. జేపెగ్‌లో అక్షరాల చుట్టూ బూజు పట్టినట్టు మచ్చలు వస్తాయి.

పడుకున్న బతుకమ్మ

ఫోన్‌ను ఎటు తిప్పి పట్టుకున్నా లోపలి సెన్సార్ ఎప్పుడూ ఒకే దిక్కుగా చదువుతుంది. "చూపేటప్పుడు దీన్ని 90 డిగ్రీలు తిప్పు" అని ఒక చీటీ రాసి ఫొటోకు తగిలిస్తుంది. ఆ చీటీల కట్టను ఎక్సిఫ్ అంటారు. గ్యాలరీ దాన్ని చదివి తిప్పి చూపిస్తుంది. చదవని సైటు ఉన్నదున్నట్టు పడుకోబెడుతుంది. ముందుగా గ్యాలరీలోనే ఆ ఫొటోను కొంచెం క్రాప్ చేసి సేవ్ చేస్తే చాలాసార్లు తిప్పిన రూపమే నిలుస్తుంది.

అయితే ఆ చీటీల్లో తిప్పే మాట ఒక్కటే ఉండదు. ఫొటో తీసిన తేదీ, సమయం, ఫోన్‌లో లొకేషన్ ఆన్ చేసి ఉంటే తీసిన చోటు కూడా ఉంటాయి. కాన్వాస్ మీద ఫొటోలు పేర్చి కొత్త ఫైలు చేసినప్పుడు ఇవన్నీ రాలిపోతాయి. ఇంట్లో పిల్లల ఫొటోలు నలుగురికీ పంచేటప్పుడు అది మంచిదే. కానీ నర్సంపేట వైపు నుంచి వచ్చే మిర్చి రైతులు కొందరు ముడుచుకుపోయిన ఆకు, మొక్క, చేను మూడూ ఒక్క ఫొటోగా కలిపి పంట నష్టానికి సాక్ష్యంగా ఇస్తామంటారు. నేను వద్దంటాను. కలిపితే ఎప్పుడు, ఎక్కడ తీశారో చెప్పే గుర్తులన్నీ పోతాయి. చూపడానికి కలిపింది ఒకటి ఉంచుకోండి, అసలువి మూడూ విడివిడిగా డాక్యుమెంట్లుగా పంపండి, ఫోన్‌లోంచి మాత్రం చెరపకండి.

ఖిలా వరంగల్ నడుమ నిలబడి

ఇక కుట్టడం. ఖిలా వరంగల్‌లో నాలుగు దిక్కులా నాలుగు తోరణాలు. నడుమ నిలబడి చుట్టూ తిరుగుతూ తీసిన పది ఫొటోలు ఒక్కటి చేయాలంటే కొలాజ్ సైట్ పనికిరాదు. ఇక్కడ కంప్యూటర్ పక్కపక్క ఫొటోల్లో ఒకే రాయిని గుర్తుపట్టాలి.

అది మొదట ప్రతి ఫొటోలో పదునైన మూలలను, చెక్కడపు అంచులను ఏరుతుంది. సైజు మారినా, కొంచెం తిరిగినా గుర్తుపట్టేలా ఒక్కోదానికి అంకెల్లో ఆనవాలు రాసుకుంటుంది. కెనడాలోని బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీకి చెందిన డేవిడ్ లోవ్ 1999లో చూపిన సిఫ్ట్ పద్ధతి ఇందుకు దారి వేసింది. తర్వాత రెండు ఫొటోల్లోని ఆనవాళ్లను జత కడుతుంది. చిక్కంతా ఇక్కడే. వేయిస్తంభాల గుడిలో ఒక స్తంభాన్ని చూసి ఇంకో స్తంభం అనుకోవడం మనుషులకే మామూలు, దానికీ అంతే. తప్పు జతలు కుప్పలుగా వస్తాయి. వాటిని ఏరేసే ఉపాయం ఇంకా పాతది, 1981లో ఫిష్లర్, బోల్స్ ఇచ్చారు. పేరు రాన్‌శాక్. ఏవో నాలుగు జతలను గుడ్డిగా తీసుకో. అవి నిజమైతే ఒక ఫొటో ఇంకోదాని మీదికి ఎలా ఒంగాలో లెక్కకట్టు. మిగతా జతల్లో ఎన్ని ఈ లెక్కకు ఒప్పుకుంటాయో చూడు. ఇట్లా వందల సార్లు చేసి, ఎక్కువ జతలు ఒప్పుకున్నదాన్ని నిలుపు. నాలుగే ఎందుకంటే, ఆ ఒంపులో తెలియని సంఖ్యలు ఎనిమిది, ఒక్కో జత రెండు సమీకరణాలిస్తుంది. పదిమంది పెద్దమనుషులు కలిసి చెప్పిన మాటే నిలిచే పంచాయతీ తీరు ఇది. నాకు ఈ లెక్క మీద మొదటి నుంచీ ఇష్టం.

కానీ ఈ లెక్క నిలవాలంటే కెమెరా ఉన్నచోటే తిరగాలి. మనం చేయి చాచి ఫోన్ పట్టుకొని ఒళ్లు తిప్పితే ఫోన్ మన చుట్టూ తిరుగుతుంది, చోటు మారుతుంది. దగ్గరున్న విరిగిన స్తంభం, వెనకున్న తోరణం ఒకదానితో ఒకటి పక్కకు జరిగినట్టు పడతాయి. ఒక కన్ను మూసి, మళ్లీ రెండోది మూసి ముందు పెట్టిన వేలిని చూస్తే ఇది తెలుస్తుంది. అప్పుడు ఎంత మంచి సాఫ్ట్‌వేరైనా స్తంభాన్ని రెండుగా కోసి చూపిస్తుంది. ఇసుర్రాయి తిరుగుతుంటే నడుమ కొయ్య కదలదు కదా, ఫోన్ ఆ కొయ్యలా ఉండాలి, మనమే దాని చుట్టూ అడుగులు వేయాలి. ప్రతి ఫొటోలో కనీసం మూడో వంతు పక్క ఫొటోలోనూ రావాలి. కుట్టడానికి హ్యూగిన్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది, ఓపిక ఉన్నవాళ్లకు అది చాలు.

మేళవించడం గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీ ఫోన్ రాత్రి ఫొటోల్లో అది చేస్తూనే ఉంది. రామప్ప గుడి మండపం లోపల మసక వెలుతురులో ఒక్క ఫొటో తీస్తే ఇసుక చల్లినట్టు వస్తుంది. 16 తీసి సగటు కడితే ఆ ఇసుక నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇసుక ప్రతిసారి వేరే చోట పడుతుంది, స్తంభం మీది శిల్పం మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

అతకడం దగ్గర నాకు గట్టి అభిప్రాయం ఉంది. పోయిన నాన్నను కూతురి పెళ్లి ఫొటోలో పక్కన నిలబెట్టమని అడుగుతారు. చేస్తాను, ఆ కోరిక వెనకున్న బాధ నాకు తెలుసు. వెలుగు ఏ వైపు నుంచి పడుతుందో, కళ్ల ఎత్తు ఎంతో, నీడ ఎటు పోతుందో సరిచూస్తాను. పాత ఫొటో మరీ చిన్నదైతే ఏఐ టూల్స్ లేని వివరాలు తామే కల్పిస్తాయి. వచ్చేది అందమైన ముఖమే, కానీ ఆయన ముఖం కాదు. ఆ కొత్త ముఖాన్ని చూసి "బాపు గిట్ల లేకుండె" అని ఒక తల్లి వెనక్కి ఇచ్చేసింది. అప్పటి నుంచి ముఖం వరకు అసలు ఫొటోలోని పిక్సెళ్లే ఉంచుతాను, మసకగా ఉన్నా సరే. ప్రింటు వెనక "కలిపిన ఫొటో" అని, ఏడాది రాసి ఇస్తాను. ఇరవై ఏళ్లకు ఆల్బమ్ తిరగేసే మనవళ్లకు తెలియాలి.

ఫొటో ఎక్కడికి పోతున్నది

ఆన్‌లైన్ సైట్లు రెండు రకాలు. కొన్ని ఫొటోలను తమ సర్వర్‌కు తీసుకుపోయి అక్కడ కలిపి తిరిగి ఇస్తాయి, కాన్వా అలాంటిది. కొన్ని మీ బ్రౌజర్‌లోనే పని పూర్తిచేస్తాయి, ఫొటోపియా అలాంటిది. తెలియని సైట్ అయితే ఇలా పరీక్షించండి. పేజీ పూర్తిగా తెరుచుకున్నాక ఇంటర్నెట్ ఆపేయండి. అప్పుడు ఫొటోలు పెట్టి కలపండి. పని జరిగితే అవి మీ ఫోన్ దాటకుండానే కలుస్తున్నాయి. ఆగిపోతే బయటికి పోతున్నాయనే అనుకోవాలి. బతుకమ్మ ఫొటోలకు ఇది పెద్ద విషయం కాదు. ఆధార్ ముందు వైపు, వెనక వైపు ఒక్క పేజీగా చేయడానికి ఏది కనిపిస్తే ఆ సైట్‌లో ఎక్కించేవాళ్లను రోజూ చూస్తున్నాను, భయమేస్తుంది. ఆ పనికి సైటే అక్కర్లేదు, రెండు ఫొటోలూ ఒక డాక్యుమెంట్ పేజీలో పెట్టి పీడీఎఫ్ చేస్తే సరిపోతుంది. తీసుకునేవాళ్లు ఒప్పుకున్న చోట చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, ఆధార్ ఇచ్చే ఉడాయ్ (UIDAI) సంస్థ సైట్‌లోనే దొరుకుతుంది.

కాజీపేట అమ్మాయి అక్కకు ఫోన్ చేసి ఫొటోలు డాక్యుమెంట్లుగా తెప్పించుకుంది. తనవి కేబుల్ పెట్టి నేను తీసుకున్నాను. నిలువు షీటు, తొమ్మిది గడులు, ముదురు ఎరుపు సందు. పేర్చుకుంటూ పోతుంటే ఒక గడి మిగిలింది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు పేర్చరు. ఆ సైట్‌లో చేసినప్పుడు గడి ఖాళీగా ఉంటే బాగుండదని సద్దుల బతుకమ్మనే రెండోసారి పెట్టిందట. పేరు రాద్దామా అన్నాను. ఆమె ఫోన్‌లో కాసేపు వెతికి ఒక ఫొటో చూపించింది. ఏడో రోజు కోసం గునుగుకట్టలు ముందేసుకొని, కాడలు సమంగా కోస్తున్న ముసలి చేతులు. ముఖం లేదు, వేళ్లకు అంటుకున్న గులాబీ రంగు ఉంది. ఆరో గడిలో అది పెట్టి ప్రింట్ ఇచ్చాం.